లెక్కలో పరాయివాడు



మాష్టారి పేరిట ఏటా జరిగే ఈ సభలో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ఒక రాత్రి గుర్తొచ్చింది. పత్రిక డెస్కులో ఆయన కింద చేరి అప్పటికి ఏడాది నిండలేదు. జిల్లా పేజీ వదలడానికి అరగంట ఉంది. ఒక ఊళ్ళో వరసగా మూడిళ్ళలో దొంగలు పడ్డారని కంట్రిబ్యూటరు వార్త పంపాడు. ఎవరూ దొరకలేదు. బయటి రాష్ట్రం ముఠా అయ్యుండొచ్చని పోలీసుల అనుమానం అంటూ చివర్లో ఒక వాక్యం ఉంది. నేను దాన్ని పైకి లాక్కొచ్చి ‘ఊళ్ళోకి ఒరిస్సా ముఠా’ అని హెడ్డింగ్ పెట్టాను. మాష్టారు ప్రూఫు చూసి పిలిచారు.

“ఒరిస్సా అని ఎవరు చెప్పారయ్యా?”

ఎవరూ చెప్పలేదు. వార్తలో లేదు. నా కలంలోంచే వచ్చింది.

“ఆ ఊరి ఇటుకబట్టీల్లో ఒరిస్సా కూలీలున్నారా?”

తెలీదన్నాను. “రేపు పొద్దున పేపరు చదివినవాళ్ళు ముందు ఆ బట్టీ దగ్గరికే వెళ్తారు. అక్కడ పిల్లలుంటారు” అన్నారు. ఆ మాట కొట్టేసి ‘మూడిళ్ళలో చోరీ’ అని తన చేత్తో రాసి పంపేశారు. గొంతు పెంచలేదు. తరవాత ముప్ఫై ఏళ్ళు నేను క్రైమ్ వార్త ముట్టుకున్నప్పుడల్లా ఆ బట్టీ పిల్లలు కళ్ళముందు నిలబడేవాళ్ళు.

ఆయన కొట్టేసిన ఆ ఒక్క మాట గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను. అయితే మన ఊళ్ళోంచి మొదలుపెట్టను. ఈ విషయం నా ఒంటికి తగిలింది జపాన్‌లో కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

2019 వసంతంలో టోక్యోలో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్ళున్నాను. ఎదొగావా వార్డులో నిషి-కసాయ్ అని ఒక పేట. మనవాళ్ళు బాగా కనిపిస్తారు. కందిపప్పు, చింతపండు దొరికే కొట్లున్నాయి. ఒక సాయంత్రం వాడు సైకిలు నడిపించుకుంటూ, నేను పక్కన నడుస్తూ స్టేషన్ వైపు వెళ్తున్నాం. ఇద్దరు పోలీసులు ఆపారు. చాలా మర్యాదగా, తల వంచి మరీ పలకరించారు. సైకిలు మీదున్న రిజిస్ట్రేషన్ స్టిక్కరు చూశారు, నంబరు ఫోన్లో చెప్పి కనుక్కున్నారు. మా అబ్బాయి రెసిడెన్స్ కార్డు తీసి ఇచ్చాడు. ఆ తరవాత నా వైపు తిరిగి పాస్‌పోర్టు అడిగారు. అది ఇంట్లో బీరువాలో ఉంది.

సందర్శనకు వచ్చిన విదేశీయుడు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకుండా బయట తిరగడం ఆ దేశంలో చట్టరీత్యా నేరం. లక్ష యెన్ల దాకా జరిమానా ఉంది. మా అబ్బాయి పరుగున వెళ్ళి తెచ్చేదాకా నేను ఆ ఇద్దరి మధ్య, దీపస్తంభం కింద నిలబడ్డాను. పావుగంట పట్టిందేమో. మా పక్కనుంచే పదుల కొద్దీ సైకిళ్ళు వెళ్ళాయి, ఒక్కటీ ఆగలేదు. స్కూలు పిల్లను వెంటబెట్టుకుని వస్తున్న ఒకావిడ నన్ను చూసి పిల్లను అవతలి పక్కకి మార్చుకుంది. ఆవిణ్ణి తప్పుపట్టను. పోలీసుల మధ్య నిలబడ్డ మనిషిని చూస్తే ఎవరైనా అలాగే చేస్తారు. పాస్‌పోర్టు చూశాక వాళ్ళు క్షమాపణ చెప్పి వదిలేశారు. కేసు రాసి ఉంటే ఆ ఏడాది విదేశీయుల నేరాల పట్టికలో నేనూ ఒక అంకెనయ్యేవాణ్ణి.

ఆ రాత్రి నుంచే ఆ పట్టికల గురించి చదవడం మొదలుపెట్టాను.

జపాన్ జాతీయ పోలీసు సంస్థ విదేశీయుల నేరాలను విడిగా లెక్కవేసి ఏటా ప్రకటిస్తుంది. అందులో ‘రైనిచి గైకొకుజిన్’ అని ఒక వర్గం, అంటే జపాన్‌కు వచ్చిన విదేశీయులు. శాశ్వత నివాసులు, అక్కడి అమెరికన్ సైనికులు ఇందులోకి రారు. ఉద్యోగులు, విద్యార్థులు, ట్రెయినీ కూలీలు, వారం రోజులకి వచ్చిన టూరిస్టులు, వీసా అయిపోయినా ఉండిపోయినవాళ్ళు అందరూ వస్తారు. ఆ లెక్క రెండు భాగాలు. మొదటిది శిక్షాస్మృతి నేరాలు: దొంగతనం, కొట్లాట, హత్య. రెండోది ప్రత్యేక చట్టాల కింద నేరాలు. ఇందులో పెద్ద వాటా వలస చట్టానిది. గడువు దాటి ఉండటం, కార్డు లేకుండా తిరగడం లాంటివి. జపాన్ పౌరుడు కోరుకున్నా ఈ నేరాలు చెయ్యలేడు. రెండూ కలిపి ‘విదేశీయుల నేరాలు ఇన్ని వేలు’ అని పేపర్లో పడినప్పుడు, చదివే గృహిణి మనసులో మెదిలేది గడువు దాటిన వీసా కాదు, తన ఇంటి తాళం.

రెండోభాగం సంగతి మన తెలంగాణ పల్లెలకు విడమర్చి చెప్పనక్కర్లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ‘ఖల్లివల్లి’ అన్న మాట తెలియని ఇల్లుండదు. గల్ఫ్‌లో కఫీల్ అనే యజమాని జీతం ఇవ్వక, కొట్టి, పాస్‌పోర్టు గుంజుకుంటే భరించలేక బయటపడ్డ మనిషి ఖల్లివల్లి అవుతాడు. సౌదీలో యజమాని అతని మీద ‘హురూబ్’ రాయించాడంటే, పారిపోయినవాడని ఆ దేశపు దస్తావేజుల్లోకెక్కుతాడు. జీతం ఎగ్గొట్టినవాడి పేరు ఎందులోనూ ఉండదు. జపాన్ ట్రెయినీల కథా ఇదే. వియత్నాం నుంచి బ్రోకర్లకు లక్షలు పోసి అప్పుల్తో వస్తారు. వీసా ఒక్క యజమానికే కట్టి ఉంటుంది, పని మారే వీల్లేదు. 2023లో ఒక్క ఏడాదే తొమ్మిది వేల ఏడు వందల మందికి పైగా ట్రెయినీలు పనిచోట్ల నుంచి మాయమయ్యారు. అలా గడప దాటి, వీసా గడువు కూడా దాటితే వాళ్ళు నేరస్థుల కిందే లెక్క. వాళ్ళలో కొందరు నిజంగానే దొంగతనాలకు దిగారు. నేనది దాచను. ఆ ట్రెయినీ పద్ధతి బాగాలేదని చివరికి ప్రభుత్వమే ఒప్పుకుని దాన్ని రద్దుచేసి కొత్తది తేవడానికి 2024లో చట్టం చేసింది. అయితే అప్పటిదాకా పోగైన అంకెలు వాళ్ళ పేరిటే ఉన్నాయి.

ఇక అసలు నేరాల సంగతి. జపాన్‌లో నమోదైన శిక్షాస్మృతి నేరాలు 2002లో దాదాపు 28 లక్షల 54 వేలు. అదే అక్కడ పతాక స్థాయి. 2021 నాటికి అవి 5 లక్షల 68 వేలకు పడిపోయాయి. అంటే అయిదో వంతు. అదే కాలంలో ఆ దేశంలో ఉంటున్న విదేశీయులు 18 లక్షల 50 వేల నుంచి 27 లక్షల 60 వేలకు పెరిగారు. పరాయివాళ్ళు పెరిగితే నేరం పెరుగుతుందన్న మాటకి ఇంతకంటే సూటి జవాబు దొరకదు. 2021 తరవాత నేరాలు మళ్ళీ కొంత పెరిగి 2024లో 7 లక్షల 37 వేలయ్యాయి. ఇరవై ఏళ్ళు తగ్గినప్పుడు ఎవరూ విదేశీయులకు ఆ మంచిపేరు ఇవ్వలేదు. మూడేళ్ళు పెరిగేసరికి మాత్రం వేళ్ళన్నీ వాళ్ళ వైపే లేచాయి.

సరే, ఇంకో లెక్క ఉంది కదా అంటారు. జనాభాలో విదేశీయులు నూటికి సుమారు ముగ్గురే, అరెస్టయినవాళ్ళలో నూటికి అయిదుగురికి పైగా ఉన్నారు, అది దాదాపు రెట్టింపు కాదా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ భిన్నంలో పైనున్నదీ కిందున్నదీ ఒకే గుంపు కావాలని బళ్ళో నేర్చుకున్నాం. పైనున్న అరెస్టుల్లో టూరిస్టులు కలిసి ఉంటారు. కిందున్న జనాభాలో వాళ్ళుండరు. 2024లో జపాన్‌కు వచ్చిన సందర్శకులు మూడు కోట్ల అరవై ఎనిమిది లక్షలు. పైగా విదేశీయుల్లో ఎక్కువమంది పాతిక, ముప్ఫై ఏళ్ళవాళ్ళు. ఏ దేశంలోనైనా నేరాలు ఎక్కువగా చేసేది కుర్రకారే. అరవై ఐదు దాటినవాళ్ళు దాదాపు ముప్ఫై శాతం ఉన్న సమాజంతో వాళ్ళని నేరుగా పోల్చడం సరికాదు.

ముసలివాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. జపాన్‌లో శిక్షాస్మృతి నేరాల కింద పట్టుబడేవాళ్ళలో అయిదింట ఒకరికి పైగా అరవై ఐదు దాటినవాళ్ళు. ఎక్కువ భాగం దుకాణాల్లో చిల్లర దొంగతనాలు. ఒంటరితనం, పేదరికం. పోలీసులు దాన్నీ లెక్కవేస్తారు, పత్రికలు దాన్నీ రాస్తాయి. అయితే ఎలా రాస్తాయి? పాపం, వీళ్ళకి ఎవరూ లేరు, పింఛను చాలడం లేదు, సమాజం ఏం చెయ్యాలి అని. అది సరైన రాతే. ఒక అంకెను చూసి ఎందుకిలా జరిగిందని అడిగి, ఇంకో అంకెను చూసి వీళ్ళు ఇంతే అనుకోవడం దగ్గరే నా బాధంతా.

అక్కడి వార్తల్లో ‘గైకొకుజిన్-ఫూ’ అని ఒక మాట ఉంది. విదేశీయుడిలా కనిపించే మనిషి అని. దొంగ దొరకలేదు, ముఖానికి మాస్కుంది, అయినా ‘విదేశీయుడిలా ఉన్న వ్యక్తి’ అని రాస్తారు. దాని జంటమాట ‘కతకొతొ’ జపనీస్, అంటే వచ్చీరాని జపనీస్‌లో మాట్లాడాడని. తరవాత దొరికినవాడు స్థానికుడే అయితే మొదటిరోజు పడ్డ ఆ మాటని వెనక్కి తీసుకుంటూ ఎవరూ రాయరు. మాష్టారు నా హెడ్డింగులో కొట్టేసింది సరిగ్గా ఇలాంటి మాటనే. 2007లో ఎయిచి అనే ప్రచురణ సంస్థ విదేశీయుల నేరాల మీద రంగురంగుల బొమ్మలతో ఒక ప్రత్యేక సంచిక వేసి కిరాణా చెయిన్లలో పాలు, రొట్టెల పక్కన పెట్టించింది. జనం నిరసన తెలిపాక వెనక్కి తీసుకున్నారు.

ఈ మాటలు ఎంత దూరం తీసుకుపోతాయో జపాన్‌కు తెలియంది కాదు.

1923 సెప్టెంబర్ 1, మధ్యాహ్నానికి రెండు నిమిషాల ముందు కాంతో ప్రాంతంలో భూకంపం వచ్చింది. వంటపొయ్యిలు వెలుగుతున్న వేళ. టోక్యో, యొకొహామా తగలబడ్డాయి. లక్ష మందికి పైగా చనిపోయారు. సాయంత్రానికే వదంతి పుట్టింది: కొరియన్లు నూతుల్లో విషం కలుపుతున్నారు, ఇళ్ళకు నిప్పు పెడుతున్నారు అని. దాన్ని కొట్టిపారెయ్యాల్సిన హోంశాఖే, కొరియన్లు నిప్పుపెడుతున్నారు, గట్టి నిఘా పెట్టండని సెప్టెంబర్ 3న ఫునబాషి వైర్‌లెస్ కేంద్రం నుంచి జిల్లాలకు తంతి కొట్టింది. పత్రికలు అచ్చేశాయి. ఊరూరా జనం వెదురు బల్లేలు, కత్తులు పట్టుకుని దారులు కాశారు.

ముఖం చూస్తే కొరియన్ ఎవరో, జపనీయుడెవరో తెలీదు. అందుకని వచ్చేపోయేవాళ్ళ చేత ఒక మాట అనిపించారు: ‘జూగొఎన్ గొజిస్సెన్’. పదిహేను యెన్ల యాభై సెన్లు. మన వర్ణమాలలో క వేరు, గ వేరు, చ వేరు, జ వేరు. మొదటి అక్షరంగా ఏది వచ్చినా మనకి తేడా స్పష్టంగా పలుకుతుంది. కొరియన్ భాషలో మాట మొదట్లో జ, గ లాంటి ధ్వనులు నిలవవు, చ, క వైపు జారతాయి. ‘జూ’ అనబోతే ‘చూ’ అని వస్తుంది. అలా వచ్చినవాణ్ణి అక్కడే చంపేశారు.

సెప్టెంబర్ 6న చిబా జిల్లాలో, తొనే నది ఒడ్డున ఉన్న ఫుకుదా గ్రామంలో మందులమ్ముకునే పదిహేనుమంది ఆగారు. దూరాన షికొకు ద్వీపంలోని కగావా నుంచి వచ్చిన జపనీయులే. వాళ్ళ యాస ఆ ఊరివాళ్ళకు వింతగా తోచింది. తొమ్మిదిమందిని చంపేశారు. వాళ్ళలో నిండు గర్భిణి ఉంది, పసిపిల్లలున్నారు. ఆ మందులవాళ్ళు అక్కడ అంటరానివాళ్ళుగా చూసే కులానికి చెందినవాళ్ళు. బహుశా అందుకే దశాబ్దాల పాటు వాళ్ళ కోసం ఎవరూ గొంతెత్తలేదు. శిక్షపడ్డవాళ్ళు కొత్త చక్రవర్తి రాకతో వచ్చిన క్షమాభిక్షతో మూడేళ్ళు గడిచీ గడవకముందే ఇళ్ళకు చేరారు. ఒకరనుకుని ఇంకొకరిని చంపడం మనకూ జరిగింది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో ఒక బార్లో మన తెలుగు ఇంజనీరుని కాల్చి చంపినవాడు, మా దేశం వదిలి పొండని అరిచాడు. తాను కాల్చింది ఇరానీయులని అనుకున్నాడు. ద్వేషం చిరునామా సరిచూసుకోదు.

1923లో ఎంతమంది కొరియన్లను చంపారు? ఆరు వేల పైచిలుకని అప్పట్లో కొరియన్లే తిరిగి తిరిగి కట్టిన లెక్క. మొత్తం మృతుల్లో ఒకటి నుంచి కొద్ది శాతం దాకా ఇలా హత్యకు గురైనవాళ్ళేనని జపాన్ కేంద్ర విపత్తు నిర్వహణ మండలి నివేదిక ఒకటి అంది. నూరేళ్ళు నిండిన 2023లో విలేకరులు అడిగితే, జరిగిందేమిటో తేల్చే రికార్డులు ప్రభుత్వం దగ్గర దొరకలేదని కేబినెట్ ముఖ్య కార్యదర్శి జవాబిచ్చారు. విదేశీయుడు కార్డు మర్చిపోతే లెక్క రాసుకునే ప్రభుత్వం, విదేశీయుల్ని వేలమందిని చంపితే లెక్క లేదంటోంది. నేను చదివిన పట్టికలన్నిట్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది, అసలు ఎవరూ వెయ్యని ఈ పట్టికే.

2000 ఏప్రిల్ 9న టోక్యో గవర్నర్ షింతారో ఇషిహారా ఆత్మరక్షణ దళాల ముందు మాట్లాడుతూ, అక్రమంగా చొరబడ్డ విదేశీయులు ఘోరమైన నేరాలు చేస్తున్నారనీ, పెద్ద భూకంపం వస్తే అల్లర్లు జరగొచ్చనీ, సైనికులు సిద్ధంగా ఉండాలనీ అన్నారు. వాడిన మాట ‘సంగొకుజిన్’, కొరియన్లనూ తైవానీయులనూ కించపరచడానికి యుద్ధానంతరం వాడిన పాత మాట. 1923 ఎరిగినవాళ్ళు ఆ రోజు ఎలా వణికి ఉంటారో ఊహించండి. ఆయన ఆ తరవాత మూడుసార్లు అదే పదవికి గెలిచారు.

ఆ ప్రసంగానికి అయిదు రోజుల తరవాత, ఏప్రిల్ 14న, టోక్యో జిల్లా కోర్టు గోవింద ప్రసాద్ మైనాలి అనే నేపాలీని నిర్దోషిగా ప్రకటించింది. 1997 మార్చిలో షిబుయాలో ఒక కంపెనీ ఉద్యోగిని హత్యకు గురైంది. శవం దొరికిన ఖాళీ ఫ్లాటు పక్క భవనంలో మరికొందరు నేపాలీలతో కలిసి ఉంటూ, రెస్టారెంట్లో పనిచేసే మైనాలిని పోలీసులు ముందు వీసా గడువు దాటిన నేరం కింద పట్టుకున్నారు. హత్య కేసు తరవాత పెట్టారు. ముందు పట్టుకోవడానికి చేతిలో ఉన్న ఆ చట్టం జపనీయుడి మీద పనిచేసేది కాదని గమనించండి. నెలల తరబడి పత్రికలు, వారపత్రికలు చనిపోయిన ఆ స్త్రీ వ్యక్తిగత జీవితాన్ని వీధిన పెట్టాయి. ఆమె పేరు నేను చెప్పను. అతని గురించి మాత్రం పెద్దగా రాసిందేమీ లేదు. నేపాలీ, అక్రమంగా ఉంటున్నవాడు అన్న రెండు మాటలతో సరిపెట్టారు.

నిర్దోషి అన్నాక ఎవరినైనా వదిలేస్తారు. అతన్ని వదల్లేదు. వీసా లేదు కాబట్టి దేశం నుంచి పంపేస్తారు, పంపేస్తే పైకోర్టులో విచారణ జరగదు అని మళ్ళీ నిర్బంధించారు. అదే ఏడాది డిసెంబర్‌లో హైకోర్టు యావజ్జీవం వేసింది. 2003లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2011లో డీఎన్ఏ పరీక్షలు చేస్తే ఆమె దేహంలోనూ, ఆ గదిలోనూ దొరికిన ఆనవాళ్ళు ఇంకొకడివని తేలింది. 2012 జూన్‌లో విడుదల చేసి నేపాల్ పంపించారు. నవంబర్ 7న, అతను కఠ్మాండూలో ఉండగా, హైకోర్టు నిర్దోషి అంది. పదిహేనేళ్ళు. వెళ్ళేటప్పుడు చంకలో ఉన్న ఆడపిల్లలు తిరిగొచ్చేసరికి యువతులయ్యారు.

పోలీసు పట్టిక అరెస్టు నాటిది, తీర్పు నాటిది కాదు. పట్టుబడ్డప్పుడు విదేశీయుడి నేరంగా ఒక అంకె పెరుగుతుంది. నిర్దోషి అని తేలినప్పుడు ఏ పట్టికలోనూ విదేశీయుడి నిర్దోషిత్వం అని ఒక అంకె పెరగదు. అతని నేరం జాతి మొత్తం ఖాతాలో పడింది, అతని నిర్దోషిత్వం ఒక్కడి ఖాతాలోనే ఉండిపోయింది.

మన ఇంటి సంగతి ఒక్కమాట. హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా విద్యార్థి టోలీచౌకిలో ఇల్లు వెతుక్కుంటే ఎందుకు దొరకదో మనందరికీ తెలుసు. మన క్రైమ్ పేజీల్లో ‘నైజీరియన్’ అనేది దేశం పేరు కావడం మానేసి చాలా కాలమైంది. మత్తుమందు అన్న అర్థంలో వాడుతున్నాం. సూడాన్‌వాడైనా, కాంగోవాడైనా హెడ్డింగులో నైజీరియనే. చెడ్డీ గ్యాంగ్, పార్థీ గ్యాంగ్ అని రాస్తాం. పార్థీ అనేది ఒక తెగ పేరని రాసేవాడికి గుర్తుండదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే మనిషిని దొంగల జాబితాలోకి ఎక్కించింది. తరవాత అదే తరహా చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టారు. చట్టం 1952లో రద్దయింది. సినిమా పోస్టర్ల మీద మాత్రం ఆ ఊరి పేరు 1991లోనూ దొంగలకు పర్యాయపదమే. ఆ ఊరి కుర్రాడు ఉద్యోగం దరఖాస్తులో ఊరిపేరు రాయడానికి ఎందుకు తటపటాయించాలి? అందులో నా చెయ్యీ ఉంది. నేను దిద్దిన కాపీల్లో ఎన్ని ‘ముఠా గుట్టురట్టు’లు ఉన్నాయో నాకే తెలీదు.

జపాన్‌లో ఇది ముగిసిన కథ కాదు. 2016లో విద్వేష ప్రసంగాలకు వ్యతిరేకంగా చట్టం తెచ్చారు, శిక్ష లేదు. కవసాకి నగరం 2019లో జరిమానాతో సొంత నిబంధన చేసుకుంది. 2024 జనవరిలో, చర్మం రంగు చూసి పోలీసులు పదేపదే ఆపుతున్నారని ముగ్గురు ప్రభుత్వం మీద దావా వేశారు. 2025 జులై ఎగువసభ ఎన్నికల్లో ‘ముందు జపనీయులు’ నినాదంతో సాన్‌సెయితో పార్టీ పద్నాలుగు సీట్లు గెలిచింది. ఆ ప్రచారంలో విదేశీయుల నేరాలూ పెద్ద చర్చే.

2019లో టోక్యో నుంచి తిరిగొచ్చే ముందు మా అబ్బాయి నన్ను ర్యోగొకు దగ్గర యొకొఅమిచో పార్కుకు తీసుకెళ్ళాడు. 1923లో చనిపోయిన కొరియన్ల స్మారకశిల అక్కడుంది. 1973లో పెట్టారు. ఏటా సెప్టెంబర్ 1న అక్కడ జరిగే సభకు టోక్యో గవర్నర్లు సంతాప సందేశం పంపేవారు. ఇషిహారా కూడా పంపారు. యురికొ కొయికె గవర్నరయ్యాక 2017 నుంచి ఆపేశారు. భూకంప మృతులందరికీ కలిపి సంతాపం చెబుతున్నాం కదా అన్నది ఆమె సమాధానం.

మేం వెళ్ళిన రోజు ఎవరూ లేరు. శిల ముందు ఎవరో పెట్టిన కాగితపు కొంగల దండలు వానకి తడిసి రంగు దిగాయి. మా అబ్బాయి దానిమీద రాసింది కూడబలుక్కుని చదివి చెప్పాడు. నాకు ఆ మాట ఒకసారి నోటితో అని చూడాలనిపించింది. నేనైతే గట్టెక్కేవాణ్ణా అని. ‘జూగొఎన్’ అన్నాను. జ బాగానే పలికింది. దీర్ఘం ఎక్కడ ఆపాలో తెలియలేదు. మళ్ళీ అన్నాను, ఈసారి కొంచెం గట్టిగా.

మా అబ్బాయి చుట్టూ చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. “ఇక్కడొద్దు నాన్నా” అన్నాడు.